పోగు లాగి

షార్జా, పదో నంబరు ఇండస్ట్రియల్ ఏరియా.
రాత్రి పదకొండున్నరకు షట్టరు సగం దించి
ల్యాండ్ క్రూజర్ కంప్యూటరును బల్ల మీద పెట్టిన.
రెండు అరచేతులంత అల్యూమినియం డబ్బా.
అంచుల నల్ల జిగురును వేడిగాలితో మెత్తబరిచి
ఉడికిన గుడ్డు పొట్టు తీసినట్టు మూత తీసిన.
రెండు పిన్నుల మీద రెండు సూదులు ఆనించి
కరెంటిస్తే
తాళం సంగతి మరిచిపోయి
నిద్రల మాట్లాడే మనిషి లెక్క
లోపలిదంతా చెప్పేస్తది.

రెండు మెగాబైట్లు.
అంకెలు, అంకెల నడుమ ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు.
ఏది పెట్రోలో, ఏది నిప్పురవ్వో
రాసినోడు ఎక్కడా పేరు పెట్టలే.

మా నాయిన సిరిసిల్లల చీరెల డిజైన్లు గీసేటోడు.
యాడిదో సూరత్ మిల్లుది
జానెడు పేలిక తెచ్చేటోళ్లు సేట్లు,
"గిట్లాంటిదే కావాలె మార్కండేయా" అని.
ఆయన భూతద్దం పెట్టి
సూదితో ఒక్కొక్క పోగు లాగి
ఏది పైనుంచి పోయిందో ఏది కిందినుంచో
గళ్ల కాగితం నింపేటోడు.
తెల్లారేసరికి పేలిక ఉండకపోయేది,
డిజైను ఉండేది.
ఇది దొంగతనం కాదా నాయినా అంటే
"నేసినోనితోని మాట్లాడుతున్న బిడ్డా" అన్నడు.
ఆ జవాబు అప్పుడు నాకు నచ్చలే.
ఇప్పుడు అదే చెప్త, వచ్చీరాని అరబీల.

అంకెలను గ్రాఫు చేసి చూస్తే
ముందు అంతా కంపచెట్టే.
జరుపుకుంట, జరుపుకుంట పోతుంటే
ఒక్కకాడ
నున్నటి వంపు,
గాలికి వెనక్కి వాలిన ఇసుకదిబ్బ.
అడ్డం పదహారు, నిలువు పదహారు:
రవ్వ ఎప్పుడు పుట్టాలో చెప్పే పట్టిక.
అరుద్దామనిపిస్తది.
పై మంచంల గుల్జమాన్ పండుకున్నడు.

ఖల్ఫానుకు కావలసింది చిన్న ముచ్చటే.
బదాయర్ దిబ్బ మీదికి
తమ్ముని బండికంటె ముందు ఎక్కాలె.
"ఎండల దీనికి దమ్ము పోతది,
ఏదో అడ్డం పడుతున్నది, తీసెయ్" అన్నడు.

ఆ ఏదో మూడో రాత్రికి దొరికింది.
పెద్ద పట్టిక పక్కన, కొంగు చివర దారాల లెక్క
ఎనిమిదే గడులు.
పీల్చే గాలి యాభై డిగ్రీలు దాటితే
రవ్వను కొంచెం ఆపి ఇయ్యి.
అరవై దాటితే ఇంకొంచెం.
డెబ్బైకి, చాలు, మెల్లగ పో.

ఎక్కడో జపాన్ల, బయట మంచు పడుతుండొచ్చు,
ఒకడు కూసొని ఈ ఎండను ఊహించిండు.
ఇనుము పగులుతదని భయపడి
ఎనిమిది అంకెలు రాసి
ఇంటికి పోయి అన్నం తినుంటడు.

నేను వచ్చిన కొత్తల బిల్డింగు పని.
జూన్ పదిహేను నుంచి సర్కారు హుకుం:
పన్నెండున్నర కాడికెల్లి మూడు దాకా నీడల కూసోవాలె.
"మరి పద్నాలుగున సూర్యుడు సెలవా?"
అని అడిగిండు దుబ్బ లింగయ్య. అందరం నవ్వినం.
ఆ పద్నాలుగునే నిచ్చెన కాడ కూలబడ్డడు.
బతికిండు.
కాని, ముందటి లింగయ్య కాదు.

ఎనిమిది సున్నాలు కొట్టుడు ఎంతసేపు.
పైసలు ఖల్ఫానువి, బండి ఖల్ఫానుది.
ఐదు కొట్టిన.
ఆరోది, ఏడోది, ఎనిమిదోది అట్లనే ఉంచి
చెక్‌సమ్ సరిచేసి
కొత్త జిగురు పూసి మూత పెట్టిన.

శుక్రవారం వీడియో పంపిండు.
బండి దిబ్బ కొసకు ఎక్కుతున్నది,
ఇంకో నాలుగు గజాలుందనంగ మెల్లగయింది,
దమ్ము తీసుకొని, ఎక్కింది.
తమ్ముడు అప్పటికే పైన
బానెట్ మీద కూసొని జూస్ తాగుతున్నడు.

"ఇంకా ఏదో మిగిలింది లోపల. వెతుకు."

వెతుకుతున్న, అని పెట్టిన.