నడిమి బొమ్మలు

మొదటి బొమ్మ పెద్దావిడ గీస్తుంది: చెయ్యి పడవ రైలింగు మీద.
ఆఖరి బొమ్మా ఆవిడదే: చెయ్యి జేబులో.
నడుమ పదకొండు కాగితాలు నావి.
కాగితానికి రెండు వందల ఇరవై యెన్‌లు,
తప్పు పోతే నిద్ర.

ఓగికుబోలో బియ్యం కొట్టు పైన మూడో అంతస్తు.
మెట్లెక్కి వచ్చే తవుడు వాసన,
బల్లల అడుగున దీపాలు.
మేం గీసే కథలో ఒక దీవి,
రోజూ ఒకే పడవలో బడికెళ్ళే ఇద్దరు, రిత్సు, హయసే.
ఎన్ని వారాలైనా
వాతావరణం గురించే మాట్లాడుకుంటారు.

మా చెల్లి కనాయెకి తొయామాలో చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పని.
ఆదివారం ఫోను చేస్తుంది. బాగున్నావా అనదు.
"ఐదో భాగంలో గొడుగు పొడిగా తిరిగిచ్చింది, చూశావా?
ఆ రోజంతా వాన. అంటే వాడలేదు.
అంటే తడవనివ్వలేదు."
"ఏడో భాగంలో అతను రెండు నారింజలు కొన్నాడు,
ఒకటే తిన్నాడు. రెండోది ఏమైంది?"
రెండోది మేం మర్చిపోయామని నేను చెప్పను.
గోరంత దొరికితే కొండంత చేస్తుంది మా చెల్లి.
ఆ కొండెక్కి కూర్చుంటుంది.
అక్కణ్ణించి అన్నీ కనిపిస్తాయట,
పెళ్ళి భోజనాలతో సహా.

ఎనిమిదో భాగం వచ్చిన వారం
ఫోను బుధవారమే మోగింది.
"రైలింగు మీంచి చెయ్యి తీసేటప్పుడు
చిటికెన వేలు వణికింది!
నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను.
వణికింది అక్కా. ఇంకా దాపరికమేముంది?"

ఆ వేలు నాది.
ఫిబ్రవరి, రాత్రి రెండు, హీటరు చెడిపోయింది.
ఆరో కాగితం మీద గీత జారింది.
సరిచూసే ఆయనకి కళ్ళు మూతలు పడి వదిలేశాడు.
చలికి, అని నాకు నేను చెప్పుకున్నాను.

చలికి కాదు.
రంగుల గదిలోంచి తోమోనారి వచ్చి
బార్లీ టీ నా బల్ల మీద పెట్టి
ఏమీ అనకుండా ఒక క్షణం నిలబడ్డాడు.
క్షణమంటే మా లెక్కలో ఇరవై నాలుగు బొమ్మలు.
అతను నిలబడ్డది ముప్పై రెండు.
కప్పు అతనిదే, అంచు పెచ్చూడినది.
పెచ్చు అవతలికి ఉండేలా తిప్పి పెట్టాడు.
చూశారా,
ఈ జబ్బు నాకూ అంటుకుంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
కనాయె ఫ్యాక్టరీ మీద పొద్దస్తమానం తెల్లగా లేస్తుంది.
కొత్తవాళ్ళు పొగ అంటే అది నవ్వుతుంది,
ఆవిరి, పొగ కాదు, అని.
ఆ తేడా తెలిసిన పిల్లే
నారింజ పండు దగ్గర మోసపోతుంది.

పన్నెండోది ఆఖరి భాగం.
"చెప్పుకుంటారా వాళ్ళు?" అని కువబాత గారినడిగాను.
దర్శకుడు పెన్సిలు చెక్కుతూ,
"పడవ రేవుకి చేరుతుంది.
ఇంకో పన్నెండు భాగాలకి డబ్బొస్తే
అప్పుడు చూద్దాం," అన్నాడు.

నా కట్ట వచ్చింది.
రేవులో చెక్క బెంచీ, రెండు చేతులు.
మొదటి బొమ్మలో వాటి నడుమ నాలుగు మిల్లీమీటర్లు.
ఆఖరి బొమ్మలోనూ నాలుగే.
మధ్య తొమ్మిది కాగితాల్లో ఏదీ కదలకూడదు,
గాలికి చొక్కా అంచు తప్ప.

రెండో కాగితంలో మూడున్నర చేశాను.
మూడులో మూడు.
నాలుగులో ఒకటి.
ఐదో దాని గురించి అడక్కండి.
ఆరు నుంచి వెనక్కి తీసుకొచ్చాను.
తొమ్మిదికి ఎక్కడివాళ్ళు అక్కడే,
మొహాల్లో మొహాలు చూసుకోకుండా.
అంతా కలిపి ఒక సెకను లేదు.
తుమ్మితే పోతుంది.

రెండు రోజులకి కట్ట మీద చీటీ వచ్చింది:
"ఐదులో రెండు చేతుల గీత కలిసిపోయింది.
ఒకదాని రంగు రెండోదాంట్లోకి పారుతోంది.
సరిచెయ్యనా, ఉంచనా?"

ఆదివారం ఆ చీటీ చదివి వినిపించాను,
ఎవరిదో చెప్పలేదు, ఏ కాగితమో చెప్పలేదు.
అవతల కన్వేయరు బెల్టు చప్పుడు.
కనాయె చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత అడిగింది,
"ఎర్ర పెన్సిలా, మామూలుదా?"