షరా గడి

ఫిబ్రవరి పద్నాలుగు లోపల ఫారం నింపి పంపాలె.
పటం మీద నలభై ముగ్గురు.
ఆడపిల్లలు ఇరవై నాలుగు, మగపిల్లలు పందొమ్మిది.
ఎస్టీ పందొమ్మిది, ఎస్సీ పదకొండు,
మిగిలినోళ్లు పదమూడు.
ఎటు కూడినా నలభై మూడే.
ఇక్కడిదాక మా బడి లెక్క తప్పలేదు.

తర్వాతి గడి మాతృభాష.
పోయినేడు బదిలీ మీద పోయిన సారు
పై నుంచి కిందిదాక మరాఠీ అని రాసి
అడుగున గీత కొట్టి పోయిండు.
ఆయనను అనడానికి లేదు.
సిరొంచ దాటి, అంకీస దాటి,
డాంబరు అయిపోయినంక ఇంకో రెండు కోసుల దూరమున్న బడికి
ఒక్క మాటతో ఫారం నిండుతదంటే
ఎవరు వద్దంటరు?

నేను రబ్బరు పట్టుకొని తుడుస్తున్న.
దుర్గం లహరిక: తెలుగు.
గావడే మాసే: మాడియా.
తెలుగు అని రాస్తున్న ఈ చెయ్యి కూడా
తెలుగు బళ్లె దిద్దిన చెయ్యి కాదు.
ఏటవతలి నుంచి వచ్చే బస్సుల నొసళ్ల మీద
ఊర్ల పేర్లు కూడబలుక్కొని నేర్చుకున్న.
నా ళ కాళేశ్వరం బోర్డు మీది ళ,
రంగు రాలి సగమే కనబడేది.
ఇప్పటికీ సగమే రాస్త.

మొన్న బోర్కుటే సార్ పరీక్ష పెట్టడానికి వచ్చిండు.
మెట్లు ఐదు:
ఏమీ రాదు, అక్షరం, పదం, పేరా, కథ.
బొమ్మలు ఒక దిక్కు, మాటలు ఒక దిక్కు.
పాల్ అని అచ్చేసి ఉన్నకాడ
లహరిక గీత మొదలుపెట్టి
పాలగ్లాసు మీద ఆపింది.
ఎంత నిటారు గీత, స్కేలు లేకుండ!
తప్పు.
మరాఠీల పాల్ అంటే బల్లి.
కాందా దగ్గర కందగడ్డ కోసం చానసేపు వెతికింది.
ఉల్లిగడ్డ బొమ్మను ఎవరికీ కాకుండ వదిలేసింది.
అదీ తప్పే.

"బల్లిని పాలంటరా సార్?" అని అడిగింది.
అప్పుడే గడియారం ఎనుక బల్లి పలికింది.
సత్తెం సత్తెం అనుకుంట
పిల్లలంత వేళ్లతో నేల కొట్టిండ్రు.
బోర్కుటే సారుకు ఏం సమజ్ కాక
కాళ్ల కింద చూసుకున్నడు.
మాసే మెల్లగ తన మాట ఒకటి చెప్పింది, బల్లికి.
నాకొచ్చిన రెండు లిపులల్ల వెతికిన,
ఆ మాటకు సరిపోయే అక్షరం దొరకలేదు.

ఆనాటి హాజరు ఇరవై ఆరు.
పదిహేడుగురు వంతెన అవతల మిర్చి చేన్లల్ల.
లహరిక కూడా పోయిన పిల్లే,
తమ్మునికి జరమొస్తే ముందుగాల తిరిగొచ్చింది.
గోరుసందుల మంట చల్లారక
పెన్సిలును గుడ్డపీలికతో పట్టుకున్నది.
కిలోకు పద్నాలుగు.
అవ్వ నలభై రెండు, తను పదకొండు, తమ్ముడు ఆరు.
మేస్త్రి ఎనిమిది నూర్లు చేతుల పెడితే
ఇంకా ఇరవై ఆరు రావాలె అన్నదట.
నేను కాగితం మీద వేసి చూసిన. నిజమే.
పరీక్షల మాత్రం గుణకారానికి సున్న.
రాజు అన్ని మామిడిపండ్లు ఎందుకు కొన్నడో
ఏ భాషల కొన్నడో తెలవక
ఖాళీ కాగితం ఇచ్చింది.

కథ మెట్టు ఎక్కినోళ్లు ఇద్దరు.
ఇద్దరూ అంగన్‌వాడీ తాయి బిడ్డలు,
ఇంట్ల మరాఠీ.
మా బడి తాలూకాల అడుగు నుంచి మూడోది.

చివరిది షరా గడి, బెత్తెడంత.
కారణం రాయాలెనట.
మిర్చి అని రాసి తుడిచిన.
బల్లి అని రాసి తుడిచిన.
కాగితం పలచబడి అవతలి బల్ల కనబడుతున్నది.

వంట చేసే రాజుబాయి తలుపుకాడ చేటతో నిలబడ్డది.
"రేపటి ఖిచిడికి ఎంతమందికి పొయ్యాలె సార్?"
ఇరవై ఆరు అన్న.
"ఇరవై ఎనిమిదికి పోస్త.
మాసే ఇద్దరు చెల్లెండ్లను ఎంట తెస్తున్నది,
వాళ్లు నీ పటంల లేరు."