ఆరు గంటల ఊరు

ఓడ కడుపుల, నీళ్ల మట్టానికి కింద,
కిటికీ లేని అర్రల
మూడేండ్లు దుప్పట్లు ఇస్త్రీ చేసిండు మా ఆయన కుర్మయ్య.
ఆ మూడేండ్లల్ల ఒక్కనాడు, ఆరు గంటలు,
నార్వే దేశంల ఒక ఊరికాడ ఒడ్డుకు దిగిండు.

కొల్లాపూర్ బస్టాండు ఎదురుంగ మా డబ్బా.
గిరాకి ఎవరొచ్చినా ఆ ఆరు గంటలే చెప్తడు.
అంగీ కాలరు కాడ ఓడ దిగుతడు,
చేతుల కాడ గుట్టెక్కుతడు,
గుండీల నడుమ పెట్టె ముక్కు తిప్పుకుంట
ఎర్ర రంగేసిన కర్రల ఇండ్లు లెక్కవెడతడు.
ఒకపారి ముప్పై, ఒకపారి నలభై.
మడత పడేసరికి ఓడ కూతేస్తది.

"సముద్రం గుట్టల నడుమ సందు దొరికిచ్చుకొని
ఊర్లకే వచ్చి కూసున్నది సారూ.
అల లేదు, సప్పుడు లేదు,
గంజి పెట్టి ఆరేసిన చీర తీరుగ."

చాయ్ తాగలేదంట.
అక్కడి ఒక్క చాయ్ మనకు ముప్పై అంగీల ఇస్త్రీ.
తొవ్వ పక్కన బల్లమీద ఆపిల్ పండ్లు పెట్టిన్రంట,
అమ్మేటోళ్లు లేరు,
ఒక రేకు డబ్బా, ధర రాసిన అట్ట.
"ఎవ్వరు సూస్తలేరు" అంటడు.
అంగీ ఎవరిదైనా సరే, అక్కడ పెట్టె ఆగుతది.
తీసుకున్నడో లేదో
ఆరేండ్లసంది చెప్పలె. నేను అడగలె.

మొన్న సోమవారం డబ్బా మూసి
సోమశిల పోయినం. పోదామన్నది నేనే.
ఆటోల అర్ధగంట తొవ్వ,
పెండ్లయి పద్దెనిమిదేండ్లు,
నేనొక్కపారి లాంచీ ఎక్కలె.

లాంచీ కదిలింది.
నల్లమల రెండు దిక్కుల
మోకాళ్లదాక కృష్ణల దిగి నిలవడ్డది.
ఆయన మొకం సూసిన,
ఇప్పుడంటడు, అక్కడ గిట్లనే ఉండె అని.
ఏమనలె.
సీటు కవరు మీది ముడత
అరచేతితోని సాపు చేసుకుంట కూసున్నడు.

ఒక ఇసుకదిబ్బ కాడ ఆపి
"గంటన్నర" అన్నడు లాంచోడు.
చెప్పులు చేతవట్టి దిగిన.
ఇసుక ఇస్త్రీపెట్టె అడుగు లెక్క కాలుతుంటె
కొంగు ఎగజెక్కుకొని నీళ్లల్లకు ఉరికిన.
నా ఉరుకుడుకు నాకే నవ్వొచ్చింది.

మాసమ్మ అంట ఆమె పేరు,
రేకు కింద చేపలు కాలుస్తున్నది.
అందరు చేప దిక్కు సూస్తున్నరు, నేను బొగ్గు దిక్కు.
గట్టి తుమ్మబొగ్గు, పొగ లేదు, చిటపట లేదు.
"ఏడ కొంటవక్కా?" అంటే
మగనికి కూడ చెప్పని ముచ్చట తీరుగ
చెవుల చెప్పింది.
అంతల పుట్టి వచ్చిందని కేక.
"జర సూస్తుండున్రి" అని
పెనం, చేపలు, పైసల డబ్బా
మా ముంగట ఇడిసి ఉరికింది.

ఇద్దరమే ఉన్నం. నీళ్లు సప్పుడు చేస్తలేవు.

"తిన్న" అన్నడు కుర్మయ్య.
ఏంది అనలేదు నేను.
"పైసలెయ్యలె. నా తాన ఉన్నది ఒక్కటే బొక్కబిళ్ల,
అది గూడ ఎవరి ప్యాంటు జేబులదో,
ఉతుకుతుంటె దొరికింది."

ఆ బిళ్ల నాకు ఎరికే.
ఆయనొచ్చిన వారానికి
పాత అంగీ జేబుల నాకు దొరికింది.
పిన్నీసుకు గుచ్చి గాజుకు తలిగిచ్చుకున్న,
అప్పటిసంది నా చేతికే ఉన్నది.
ఇన్నేండ్లు ఆయన దాన్ని సూసి
ఏమనుకున్నడో ఏమో.

"ఎట్లుండె?" అన్న.
"పుల్లగ" అన్నడు.
ఇగ నవ్వు ఆగలె ఇద్దరికి.
మాడుతున్న చేపను తిప్పుడు గూడ మరిచినం.
మాసమ్మ వచ్చి తిట్టింది, మాడింది మాకే అమ్మింది.

తెల్లారి బాలీశ్వర్ సారు వచ్చిండు,
నిన్న డబ్బా మూసిన్రేంది అనుకుంట.
ఈయన కాలరు కాడ ఓడ దిగిండు,
ఇండ్లు లెక్కవెట్టిండు, ఈసారి ముప్పై ఆరు,
బల్ల కాడికి వచ్చి ఆగిండు.
నా దిక్కు సూసిండు.

"పుల్లగున్నదంట సారూ" అన్న.
పెట్టె ఆయన చేతులకెల్లి తీసుకొని
బొగ్గు ఎగదోసుకుంట,
"కూసోన్రి, సోమశిల సంగతి నేను చెప్త."