లోపలి గడియ

బల్లారట్‌లో జూన్ వాన. హీటర్ పక్కన
నేనూ, పైవాటా డెస్మండూ, ఒకే తెర.
మూడు రాత్రులుగా ఆ నేలమాళిగలోనే ఉన్నాం.

పెట్టెలో దొరికిన కత్తి
నా దగ్గరున్నదానికన్నా మొండిది.
అమ్మేశాను.

గుర్తుండిపోయింది వేరే:
మెట్లమలుపులో గోడకానుకుని ఓ ఎముకలగూడు,
ఒళ్ళో రెండు గిన్నెలు.
రెండోది ఎవరికో ఆట చెప్పలేదు.
డెస్మండ్ దివిటీ దించి
చాలాసేపు కదల్లేదు.
వాళ్ళ ముత్తాత ఇక్కడి బంగారు గనుల్లోకి దిగినవాడు.

ఆఖరికి తుప్పుపట్టిన గడియ ఒకటి, లోపలివైపు.
తీస్తే,
మొదటిరోజు మేం భుజాలు పెట్టి తోసినా
కదలని తలుపే అది!
అవతల మేం రాజేసి వదిలేసిన చలిమంట
ఇంకా వెలుగుతూనే.

"మూడు రాత్రులూ ఇంత దగ్గర్లోనా తిరిగాం?" అన్నాడు.

గడియ
వెయ్యకుండానే వచ్చేశాం.