గోడకు రెండు పూతలు

బల్ల తీసేసినంక తేలినయి గోడ మీద
ముప్పయ్యేండ్ల తలల నూనె మరకలు.
బల్ల ఎంత పొడుగుండెనో అంత పొడుగు, వరుసగ.
చిన్నయి కొన్ని, కిందికి: తల్లుల ఒళ్లో కూసున్న పిల్లలయి.
పెయింటర్ సత్తార్ గోరుతోని గీకి చూసి
"సున్నానికి ఆగయి మల్సూర్ భాయ్,
లప్పం పెట్టాలె, మీద రెండు పూతలు" అన్నడు.

నల్లగొండ గడియారం ఎనక సందు మాది.
గాజు సిరంజీలు ఉడకబెట్టిన కాలం నుంచి
నేను ఈడనే కంపౌండర్‌ను.
కరుణాకర్ సార్ ఫీజు యాభై,
లేనోళ్లకు "మళ్లిద్దువు తీ."
ఆ మళ్ల ఎన్నడు రాలే. ఆయన అడుగలే.

మొన్న రెండు శనివారాలు, రెండు ఆదివారాలు
హైదరాబాద్ పోయొచ్చిండు.
బంగారి అంచు సర్టిఫికెట్ తెచ్చిండు.
బోర్డు మీద జరము, దగ్గు, మలేరియా పోయి
ఒక ఆడామె బుగ్గ వచ్చింది.
బుగ్గ మాత్రమే. మనిషి లేదు.

నేను మాట్లాడకుంటే ఆయనే అన్నడు:
"జరం తగ్గినోడు మళ్ల రాడు మల్సూరూ,
ముడత తగ్గినోళ్లు ఆర్నెల్లకు మళ్ల వస్తరు.
బిల్డింగు కిరాయి ఎవరు కడ్తరు?"
అని నవ్విండు.
మూతి నవ్వింది, నుదురు కదలలే.
మొదటి సూది తనకే ఏసుకున్నడట.

ఆ నుదురు నాకు రోజూ చదివే పేపరు.
రెండు గీతలు పడితే రక్తపరీక్ష.
మూడు పడితే నేను చెప్పకముందే లేచి
బయట బీడీ తాగే కొడుకును పిలుచుకొచ్చేటోన్ని.

బుధవారం నాంపల్లి దిక్కు నుంచి సైదమ్మ వచ్చింది,
కొత్త సోఫా కొసకు, పడిపోతదేమో అన్నట్టు కూసుని.
బోర్డు చదవరాదు ఆమెకు, సందు తెలుసు.
సార్ క్రీములు పక్కకు జరిపి
కడుపు మీద చెయ్యి పెట్టిండు.
చానాసేపు తీయలే.

నేను మొకం చూసిన. తెల్లకాయితం.
ఆమె గూడ మొకమే చూసింది:
"నీ మొకం సల్లగున్నది సారూ.
అంటే ఏం లేదన్నట్టే గదా?"

సార్ ఏం అనలే. చీటి రాసిండు.
కొంగున కట్టుకోబోతుంటే
నేను అందుకుని చూసిన.
ముప్పయ్యేండ్ల సంది ఎరుకైన రాత,
ఆస్పత్రి పేరు కాడ రెండుసార్లు కొట్టేసి ఉన్నది.

చీటి జేబుల పెట్టుకుని
బయటికి పోయిన, కొడుకెవరన్న వచ్చిండా అని.
లోపట తర్వాతి మనిషికి
మత్తు క్రీము ఆరుతున్నది.