చిలుము

బ్రేకు తొక్కితే వైపరు కదులుతోందని
తీసుకొచ్చాడు యలవర్తి రత్తయ్య తన జీపుని.
హారన్ కొడితే ఎడమ లైటు కన్ను మూస్తుందట.
"దయ్యం పట్టిందేమో చూడు మీరా" అన్నాడు.
దయ్యం కాదు, ఎర్తు అన్నాను.

పాతికేళ్ళుగా నేను చెబుతున్నది ఇదొక్కటే:
కరెంటు బయల్దేరడం గొప్ప కాదు,
తిరిగి ఇల్లు చేరడమే కష్టం.
(నీకూ అంతేగా, అంటుంది మా ఆవిడ.)

ఈ జీపు కృష్ణలో ఎన్నిసార్లు దిగిందో లెక్కలేదు.
కొల్లూరు అవతల లంకల్లోకి
పసుపు విత్తనం, కూలీలు, తిరిగొస్తూ అరటి గెలలు,
ఒక రాత్రి నొప్పులొచ్చిన మనిషి.
పాయ దాటేముందు ఫ్యాన్ బెల్టు ఊడదీసి
పక్క సీట్లో పెట్టుకునేవాడట రత్తయ్య.
ఇంజన్ని అలా కాచుకున్నాడు గానీ
నీళ్ళు తీగల్లోకి, ఎవరూ పిలవకుండా
మెల్లగా వచ్చి
కాపురం పెట్టాయి.

ఆటోనగర్లో, మిట్టమధ్యాహ్నం, రేకుల కింద
డ్యాష్‌బోర్డు విప్పి పేగుల్లా బయటికి లాగాం.
"తీగ పట్టి గుంజకురా ఏసుపాదం,
మెడ పట్టుకో. నాలుక నొక్కు. ఇప్పుడు లాగు."
ఊడింది కనెక్టరు. లోపల
పచ్చగా.

ఇనుముకి పడితే తుప్పంటాం, చీదరించుకుంటాం.
రాగికి, ఇత్తడికి పట్టేది చిలుము.
నెమలి మెడ మీంచి గీకి తెచ్చినట్టు
అందంగానే ఉంటుంది.
దాంతో వచ్చిన చిక్కే అది.

పాత పళ్ళ బ్రష్షు, చెంచాడు పెట్రోలు,
ఎమరీ కాగితం చుట్టిన అగ్గిపుల్ల.
బ్యాటరీ కాళ్ళ మీద తెల్లగా పొంగినదానికి
టీ కొట్టు నుంచి వేణ్ణీళ్ళు, బజ్జీల బండి నుంచి సోడా ఉప్పు.
బుస్సుమన్న నురగ చూసి పిల్లాడు నవ్వాడు.
ఇత్తడి రంగు తేలేదాకా
ఒక్కొక్క పిన్నూ గీకుతూ కూచున్నాం.
తోలు ఒలిస్తే తీగ నలుపు. జానెడు కోశాను.
ఇంకా నలుపే. ఇంకో జానెడు.

ఇంజన్ గోడ దగ్గర, చెయ్యి దూరని చోట
ఒక అతుకు తగిలింది.
టంకం లేదు. ఉత్త మెలి,
పైన నల్ల టేపైనా కాదు, ఆసుపత్రి ప్లాస్టరు.
"ఎవడ్రా ఈ ఎదవ పని చేసింది,
వాడి చేతులు విరగ!"
పక్క షెడ్డులో లేతు మీదున్నవాడు తల తిప్పాడు.
ఏసుపాదం శ్రద్ధగా విన్నాడు,
ఈ పూట తిట్లు తనవి కావు గనక.

ప్లాస్టరు విప్పుతుంటే
మెలి ఎడమకి తిరిగింది.

ఈ వీధిలో ఎడమచేతి వాటం ఒక్కడికే.
అప్పుడీ జీపు నీలం రంగు.
నాకు పదిహేనేళ్ళు.
ఉస్తాదు జుమ్మాకి వెళ్ళాడు,
టంకం కడ్డీ పెట్టెలో పెట్టి తాళం వేసుకుని.
తెగిన వేలికి చుట్టుకోగా మిగిలిన ప్లాస్టరు చేతిలో ఉంది.
రేపు సరిగ్గా చేద్దాంలే అనుకున్నాను.
ఆ రేపు
ఇరవై ఏడేళ్ళు ఏటి పాయలు దాటుతూ తిరిగింది.

అయినా పట్టుకునే ఉంది, పాడు అతుకు.
ఆ నొప్పుల రాత్రి ఇసకలో దారి చూపిన లైటు
బహుశా దీని మీదే వెలిగి ఉంటుంది.
ఎంతసేపు పట్టుకు చూశానో,
"ఎవరు చేసుంటారన్నా?" అన్నాడు ఏసుపాదం.
ఎవడో కుర్రాడు, అన్నాను.

కోసేశాను.
కొత్త తీగ కొలిచి, టంకం కడ్డీ వాడి చేతికిచ్చి
నేను టీకి వెళ్ళాను.
వచ్చేసరికి అతుకు చింతగింజలా మెరుస్తోంది,
కొంచెం వంకర. పర్లేదు.
పిన్నులకి గ్రీజు పూసి టక్కుమనేదాకా నొక్కాం.
ఎర్తుకి ఛాసిస్ మీద రంగు గీకి
తెల్ల ఇనుము తేలాక బోల్టు బిగించాం.

సాయంత్రం బ్రేకు తొక్కాడు రత్తయ్య.
వెనక ఎర్ర లైటు వెలిగింది. వైపరు కదల్లేదు.
మళ్ళీ తొక్కాడు, అద్దం వైపే చూస్తూ.
"అలవాటైపోయింది మీరా" అన్నాడు
ఏదో వెలితిగా.

హారన్ మాత్రం ఇంకా బొంగురే.
దానికి డబ్బులు వేరే.