మూడో అంతస్తు, వీధి వైపు

మెక్సికో నగరంలో, కోర్టుల వెనకాల
డాక్టర్ల పేర్లు పెట్టిన వీధులివి.
ఇంతమంది వైద్యులున్నా
ఈ పేట రోగం కుదిర్చినవాడు ఒక్కడూ లేడనేది
మా అమ్మ.
ఇప్పుడు కుదురుతోందట.
యాహీర్ అంటున్నాడు,
తాళాలగుత్తి వేలికి తిప్పుకుంటూ
నాకన్నా రెండు మెట్లు ముందు ఎక్కుతూ.

పన్నెండు వేల ఐదు వందలు.
నిరుడు ఎనిమిదన్నర. ఆ మాట చెప్పింది యాహీర్ కాదు,
కింద చెప్పులు కుట్టే లియోబార్దో.
పైగా జామీను కావాలి,
ఈ ఊళ్ళోనే సొంతిల్లున్న మనిషి సంతకం.
అలాంటి చుట్టమే ఉంటే
వాళ్ళింట్లో ఓ మూల పడుండేదాన్ని కదా!

గోడలకు ఖరీదైన తెల్లరంగు.
బోర్డులు రాసే చెయ్యి నాది,
రంగు నన్ను మోసం చెయ్యలేదు.
వేలి కణుపుతో కొట్టి చూశాను.
కిటికీ పక్కన ఒకచోట డొల్లగా మోగింది.
భూకంపం పగులా?
"పాతదేలెండి" అన్నాడు.
ఈ ఊళ్ళో పగుళ్ళకు
వయసు చెప్పి మనల్ని ఓదారుస్తారు.

వెలుతురు మాత్రం, ఏం చెప్పను,
ఉత్తరపు వెలుతురు, చేతి నీడ అక్షరం మీద పడనివ్వని వెలుతురు.
ఇరవై మూడేళ్ళు ట్యూబులైటు కింద గీతలు దిద్దిన కళ్ళకు
అది లంచం.
బల్ల ఇక్కడ, కుంచెల డబ్బా అక్కడ,
నన్నడక్కుండానే
నా అడుగులు గది కొలుస్తున్నాయి.

ఇదివరకు ఎవరుండేవారు?
"ఒక పెద్దావిడ. తనంతట తనే వెళ్ళిపోయింది."

లియోబార్దో నోట్లోంచి మేకు తీసి చెప్పాడు:
దోమితీలా. ముప్పై ఒక్క ఏళ్ళు.
ఇప్పుడు ఎకాతెపెక్‌లో, కోడలి దగ్గర,
రెండు బస్సులూ ఒక మెట్రో అంత దూరంలో.
వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి
ఈ వీధి చివరి ఆసుపత్రికే వస్తుంది.
వచ్చినప్పుడు తలెత్తి పైకి చూడదు.
ఎక్కడా తెగని చెప్పు తీసిచ్చి
కుట్టమని కూర్చుంటుంది.

మూలమీద కాఫీ అంగడి.
మొన్న మొన్నటిదాకా అది రేడియోలు బాగుచేసే కొట్టు.
ఆ పేరు మీద రెండు పూతలు వేసి
కొత్త పేరు రాసింది నేనే.
చిన్న అక్షరాలు చాలన్నారు, పెద్దవి మోటుగా ఉంటాయట.
కప్పు ధర కూడా నేనే రాశాను, ఎనభై ఐదు.
రాస్తూ రాస్తూ ఆగి
అంకె తప్పేమోనని అడిగాను కూడా.
ఇవాళ అడ్వాన్సుకని సంచిలో పెట్టుకొచ్చింది
ఆ కూలి డబ్బే.

నన్నూ నిరుడు నార్వార్తే పేటలోంచి లేపేశారు,
ఇలాగే, చాలా మర్యాదగా.
నేనొద్దన్నంత మాత్రాన దోమితీలా తిరిగొస్తుందా?
రాదు. ఒళ్ళో కంప్యూటరూ డాలర్లలో జీతమూ ఉన్న కుర్రాడొస్తాడు,
పద్దెనిమిదన్నా చవకే అంటాడు.
లెక్క సరిపోయింది.
నాకే ఎక్కడో సరిపోలేదు.

కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టుకుపోయిందంటారు.
వంటింటి కుళాయి తిప్పాను.
ఒక దగ్గు, కాస్త గాలి,
ఒక తుప్పు చుక్క.
"మంగళ, శుక్రవారాల్లో వస్తాయి" అన్నాడు యాహీర్
గడియారం చూసుకుంటూ.

రేపు సాయంత్రం ఐదు దాకా గడువు.

కిందికి దిగి
లియోబార్దో ఎదుట స్టూలు మీద కూర్చున్నాను.
కుడికాలి చెప్పు విప్పి ఇచ్చాను.
తిప్పి చూశాడు, మడమ నొక్కి చూశాడు.
"దీనికేం కాలేదే."
తెలుసు అన్నాను.
అతనింకేమీ అడగలేదు.
మేకు ఒకటి నోట్లో పెట్టుకుని
పక్కనున్న పాత రేడియో గొంతు
కొంచెం పెంచాడు.